మొదటి డిజైన్ ప్రదర్శన చేతికొచ్చింది, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ప్రోడక్ట్ డిజైన్ చదివి ఆరేళ్లు పరిశ్రమలో పనిచేశాను. రెండు నెలల క్రితం ఒక మ్యూజియంలో తాత్కాలిక ప్రదర్శనల క్యూరేటర్‌గా చేరాను. మొదటి ప్రదర్శన ఇంకో 14 నెలల్లో తెరవాలి. అంశం ఇంట్లో రోజూ వాడే వస్తువుల డిజైన్. గ్యాలరీ 300 చదరపు మీటర్లు, ప్రదర్శన 16 వారాలు ఉంటుంది. 40 కుర్చీలు, రేడియోలు, టెలిఫోన్లు, ప్లాస్టిక్ సామాను, పోస్టర్లు, డ్రాయింగులు, ఒక మొబైల్ యాప్ కలిపి 160 వస్తువుల దాకా తేలాయి. సగం బయటి నుంచి అరువు తేవాలి. ఒక్కటి కూడా తగ్గించొద్దని మా డైరెక్టర్ గారు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తవాళ్లు ఎక్కడ దెబ్బతింటారు?

జవాబు: ఇవాళే ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. గ్యాలరీ ప్లాను, గోడల రంగు, ప్రదర్శన పేరు కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు, వస్తువుల జాబితా మాత్రం ఆగకూడదు. చివరి వారంలో ఊపిరాడనివ్వని ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వెతుక్కుంటూ వెళ్తే, ఏడాది కింద ఆ జాబితాలో ఎవరో ఖాళీగా వదిలేసిన గడి దగ్గర తేలుతుంది.

వస్తువుకో వరుస. గడులు ఇవి: నంబరు, పేరు, డిజైనర్, తయారీదారు, డిజైన్ చేసిన సంవత్సరం, మీ చేతికొచ్చే ప్రతి తయారైన సంవత్సరం, పదార్థాలు, పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, యజమాని, బీమా విలువ, కాంతి పరిమితి, పీఠమా షోకేసా గోడా అన్నది, ఫొటో హక్కులు, లేబుల్ ఎంతవరకు వచ్చిందన్నది. వీటన్నింటికంటే ముందు "ఎందుకు" అని ఒక గడి పెట్టండి. ఆ వస్తువు లేకపోతే చూడొచ్చినవాళ్లకు ఏ సంగతి తెలియకుండా పోతుందో అందులో ఒక్క వాక్యం రాయాలి. "చాలా ప్రసిద్ధమైన కుర్చీ" అని రాస్తే కుదరదు. "కుర్చీ మొత్తాన్ని ఒకే అచ్చులో పోస్తే ధర ఎందుకు పడిపోతుందో ఇది చూపిస్తుంది" అంటే సరే. రెండు వస్తువులకు ఒకే వాక్యం వచ్చిందంటే వాటిలో ఒకటి అదనమన్నమాట.

ఈ గడి మీద ఇంత పట్టుదల ఎందుకంటే, చిత్రపటాన్ని చూడ్డానికే గీస్తారు గానీ కుర్చీని కూర్చోవడానికి చేస్తారు. మ్యూజియంలోకి రాగానే దాని మీద ఎవరూ కూర్చోకూడదంటాం. ఆ క్షణం నుంచి అది సగం మూగదైపోతుంది. 1934లో న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) బేరింగులనీ స్ప్రింగులనీ పీఠాలమీద శిల్పాల్లా పెట్టి "మెషీన్ ఆర్ట్" ప్రదర్శన చేసింది. యంత్రం చేసిన రూపానికీ అందం ఉందన్నదే వాళ్ల వాదన కాబట్టి అక్కడ పీఠం సరిపోయింది. మీ అంశం వాడకం. పీఠమొక్కటీ చాలదు. ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ 1859 నాటి 14వ నంబరు కుర్చీనే తీసుకోండి. దాన్ని నిలబెట్టి చూపిస్తే పాత హోటల్ కుర్చీలా ఉంటుంది. పక్కనే ఇంకొకదాన్ని విప్పి పరిచి పెట్టండి: ఆవిరితో వంచిన ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పిన కుర్చీలు 36, ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. ఆ పెట్టె కొలతకు నేలమీద ఒక చతురస్రం గీసినా చాలు, ఆ కుర్చీ దేశదేశాలకు ఎలా చేరిందో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

తర్వాత సంవత్సరాల గడులు. డిజైన్ ప్రదర్శనలో తరచూ దొర్లే తప్పు ఇక్కడే. చాలా వస్తువులు దశాబ్దాల తరబడి తయారవుతూనే ఉంటాయి, మధ్యలో మారుతూ ఉంటాయి. డిజైనర్ మార్సెల్ బ్రోయర్ గొట్టపు ఉక్కు కుర్చీని 1925 ప్రాంతంలో చేశాడు. మొదటి ప్రతులకు బట్ట పట్టీలుండేవి. ఇవాళ ఎక్కువగా దొరికే తోలు పట్టీల ప్రతులు 1960ల నుంచి మళ్లీ ఉత్పత్తికి తెచ్చినవి. "వాసిలీ" అన్న పేరు కూడా అప్పుడే అంటుకుంది. తోలు పట్టీల ప్రతి పక్కన ఒట్టి 1925 అని రాస్తే అది అబద్ధం. "డిజైన్ 1925, ఈ ప్రతి ఫలానా ఏడు" అని రెండూ రాయండి. నమూనా, తొలి ఉత్పత్తి, పునరుత్పత్తి, నకలు, ఈ నాలుగింటిలో ఏదో జాబితాలోనే తేల్చేయండి. బీమా విలువ కూడా దాన్నిబట్టే మారుతుంది.

పదార్థాల గడిలో "ప్లాస్టిక్" అని రాసి వదిలేయకండి. ఆ ఒక్క మాట వెనక పూర్తిగా వేరు వేరు స్వభావాలున్న పదార్థాలుంటాయి. కొన్ని తమంతట తామే పాడవుతాయి, కొన్ని పక్కవాటినీ పాడుచేస్తాయి. సెల్యులోజ్ నైట్రేట్ (పాత దువ్వెనలు, కళ్లజోళ్ల ఫ్రేములు) ఆమ్ల స్వభావమున్న ఆవిర్లు వదులుతుంది, ఒకే షోకేసులో ఉన్న లోహాన్ని తినేస్తుంది. సెల్యులోజ్ ఎసిటేట్ పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వేస్తుంది. పెట్టె మూత తీయగానే ఆ వాసన తగిలితే వస్తువుల సంరక్షణ చూసే కన్జర్వేటర్‌ను పిలవండి, ఆ వస్తువును మూసిన షోకేసులో ఇంకో వస్తువుతో కలిపి పెట్టకండి. పీవీసీలో మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్ ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. వస్తువు జిగటగా మారి దుమ్ము పట్టేస్తుంది, కింద ఉన్న రంగుకో యాక్రిలిక్‌కో అతుక్కుపోతుంది. అందుకే పీవీసీ వస్తువు అడుగున పాలిస్టర్ ఫిల్ము ముక్క వేస్తారు.

కుర్చీల్లో అన్నిటికన్నా భయపెట్టేది పాలియురిథేన్ ఫోమ్. 1960, 70లలో దానితో చేసిన కుర్చీలు పైకి నిక్షేపంలా కనిపిస్తాయి, లోపల ఫోమ్ పొడి అయిపోయి ఉంటుంది. "ఎలా ఉందో చూద్దాం" అని బొటనవేలితో నొక్కితే ఆ గుంట మళ్లీ పైకి రాదు. ఎత్తేటప్పుడు సీటునో వీపునో పట్టుకోకుండా అడుగు నుంచి, ఇద్దరు ఎత్తాలి. తెల్లటి ఏబీఎస్ ప్లాస్టిక్ రేడియో, టెలిఫోన్ డొక్కులు వెలుగుకు పసుపుబారతాయి. బేకలైట్ (తొలినాళ్ల గట్టి ప్లాస్టిక్) మొండిది గానీ దాని నిగనిగ కాంతికి చచ్చిపోతుంది. అరువుకొచ్చిన ప్రతి రేడియోకీ బ్యాటరీ మూత తీసి చూడాలి. పాత సెల్ లోపలే మరిచిపోయి ఉంటే కారి, కాంటాక్టులను తినేసి, తెల్లటి పొడి కట్టి ఉంటుంది. వచ్చిన రోజే అది ఫొటోకు ఎక్కకపోతే తిరిగి పంపేటప్పుడు ఆ నష్టం మీ ఖాతాలో పడుతుంది.

వస్తువు ఒక్కటే కాదు, దాన్ని పెట్టే షోకేసు కూడా అనుమానించదగ్గదే. ఎండీఎఫ్ (చెక్కనారను జిగురుతో అదిమి చేసిన పలక), ఓక్ చెక్క, కొన్ని జిగుర్లు, తాజా రంగు ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. ఉన్ని ఫెల్ట్‌లోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఏ పదార్థం క్షేమమో తేల్చడానికి ఆడీ టెస్టు ఉంది: గాజు సీసాలో ఆ పదార్థపు ముక్కతో పాటు వెండి, రాగి, సీసం రేకులు పెట్టి, కాస్త నీరుంచి మూసి, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 28 రోజులు ఉంచుతారు. రేకుల రంగు మారితే ఆ పదార్థం షోకేసులోకి రాకూడదు. 28 రోజులన్న అంకె గుర్తుపెట్టుకోండి. షోకేసు బట్టను ప్రారంభానికి మూడు వారాల ముందు ఎంచుకుంటే ఈ పరీక్షకే వ్యవధి ఉండదు. షోకేసు లోపలి రంగుకు కూడా ఆరిన తర్వాత మూడు నాలుగు వారాలు గాలి తగలనివ్వాలి.

ఇక కాంతి. కాగితం, బట్ట, ఫొటోలు, అద్దకాలకు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుగు కొలత) దాటనివ్వరు. చెక్క, తోలు, చాలా ప్లాస్టిక్‌లకు 150 నుంచి 200 లక్స్ దాకా సరే. అతినీలలోహిత కిరణాలు ఒక్కో ల్యూమెన్‌కు 75 మైక్రోవాట్ల లోపు ఉండాలన్నది పాత పరిమితి. మంచి ఎల్‌ఈడీలతో ఇంకా బాగా తగ్గించవచ్చు. కాంతి చేసే నష్టం కూడుతూ పోతుంది, వెనక్కి రాదు. అందుకే లెక్క లక్స్‌లో కాకుండా లక్స్ గంటల్లో వేయాలి. మీ 16 వారాలకు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అంటే 768 గంటలు. పోస్టరు మీద 50 లక్స్ పడితే 38,400 లక్స్ గంటలు. ఒక స్పాట్‌లైటు కాస్త వంగి 150 పడితే 1,15,200. శుభ్రం చేసేవాళ్లకోసం పొద్దున గంటసేపు అన్ని దీపాలూ వెలిగిస్తే అదీ ఇందులో కలుస్తుంది. అరువిచ్చేవాళ్లు అంత ఒప్పుకోకపోతే పోస్టర్లను రెండు జట్లుగా చేసి ఎనిమిది వారాలకు ఒకసారి మార్చండి, ఒక్కోదాని వంతు 19,200కు దిగుతుంది. మార్పిడి రోజు, మనుషులు, ఫ్రేములు ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకోవాలి మరి.

ఇక్కడ మీ ప్రదర్శనకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. కుర్చీ, దాని తొలి డ్రాయింగు పక్కపక్కన పెట్టాలనిపిస్తుంది. కుర్చీకి 200, డ్రాయింగుకు 50. కుర్చీ మీద పడ్డ వెలుగు చెదిరి డ్రాయింగు మీదా పడుతుంది, పైగా వెలుగులో ఉన్న కన్నుకు డ్రాయింగు చీకటిగా కనిపిస్తుంది. కుర్చీనే 80కి తగ్గించండి, లేదా డ్రాయింగుకు మంచి ప్రతి తీయించి "ప్రతి" అని లేబుల్ మీద రాసి పెట్టండి. గ్యాలరీలోకి అడుగుపెట్టేచోట వెలుగు అంచెలంచెలుగా తగ్గిస్తే 50 లక్స్ కూడా చాలినంత అనిపిస్తుంది.

అరువు ఉత్తరాలు ఈ నెలలోనే వెళ్లాలి. పెద్ద మ్యూజియాలు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది ముందే అడగమంటాయి, వాళ్ల కమిటీలు రోజూ కూర్చోవు. ఉత్తరంతో పాటే మీ ఫెసిలిటీ రిపోర్టు జతచేయండి: ఉష్ణోగ్రత, తేమ, కాపలా, అగ్నిమాపక ఏర్పాట్లు, తలుపుల కొలతలు, లిఫ్టు కొలతలు. తేమ 40 నుంచి 60 శాతం, ఉష్ణోగ్రత 16 నుంచి 25 డిగ్రీల మధ్య, 24 గంటల్లో తేమ పది శాతానికి మించి ఊగకుండా అన్నది చాలా పెద్ద మ్యూజియాలు ఒప్పుకున్న హద్దు. మీ గ్యాలరీ రికార్డు ఒక ఏడాదిది తీసి ముందే చూసుకోండి. బీమా, వస్తువు దాని యజమాని ఇంటి గోడ మీంచి దిగిన క్షణం నుంచి మళ్లీ అక్కడికి చేరేదాకా ఉండాలి. దీన్నే నెయిల్ టు నెయిల్ అంటారు.

సరిహద్దులు దాటే వస్తువులకు ఇంకో మూడు తలనొప్పులు. ఏటీఏ కార్నే అనే తాత్కాలిక దిగుమతి పత్రం గడువు ఏడాది, ప్రదర్శన ఇంకో ఊరికి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్క చూసుకోవాలి. చెక్క క్రేట్లకు ఐఎస్‌పీఎం 15 (చెక్కలోని పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నిబంధన) ముద్ర ఉండాలి, అంటే సాధారణంగా ఆ చెక్క గర్భాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసినట్టు. ముద్ర లేకపోతే క్రేటును రేవులోనే ఆపేయవచ్చు. మూడోది కలప. డిజైనర్లు ఈమ్స్ దంపతుల 1956 నాటి లౌంజ్ చెయిర్ మొదట్లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వెనీర్‌తో వచ్చేది. ఆ చెట్టు 1992 నుంచి సైటీస్ (ముప్పున్న జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. కుర్చీ ఎంత పాతదైనా అనుమతి పత్రాలు లేకుండా కదిలిస్తే జప్తు అయ్యే ప్రమాదం ఉంటుంది. పదార్థాల గడిలో "చెక్క" అని రాసి ఊరుకుంటే ఈ సంగతి బయటపడేది కస్టమ్స్‌లోనే.

వచ్చిన క్రేటును వెంటనే విప్పకండి. గ్యాలరీ వాతావరణంలో 24 గంటలు మూసే ఉంచండి, లేకపోతే చల్లటి వస్తువు మీద తేమ చెమ్మగిల్లుతుంది. విప్పాక కండిషన్ రిపోర్టు: వస్తువు ఫొటో అచ్చుతీసి, టార్చిని పక్కనుంచి దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి చూస్తూ, ప్రతి గీతనీ ఆ ఫొటో మీదే గుర్తుపెట్టాలి. ఎదురుగా పట్టిన వెలుగులో గీతలు దాక్కుంటాయి. ఖాళీ క్రేట్లు 16 వారాలు ఎక్కడుంటాయో కూడా ఇప్పుడే చూసుకోండి. ఎనభై అరువు వస్తువుల క్రేట్లంటే ఒక గది నిండిపోతుంది, ఆ గది చెమ్మగా ఉంటే తిరుగు ప్రయాణంలో ఆ చెమ్మ వస్తువుకే చేరుతుంది.

లేబుళ్ల దగ్గర మీ పరిశ్రమ అనుభవం చాలా అక్కరకొస్తుంది. వస్తువు లేబుల్ 50 నుంచి 70 మాటలు, గది పరిచయం 150 లోపు. అక్షరం 18 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో వేస్తుంటే వరుసల మధ్య ఎడం ఇంకాస్త పెంచండి, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగిలితే మసక వెలుతురులో చదవడం కష్టం. ఇక రాత. "ఆధునికతకు అద్దం పట్టిన సొగసైన వంపులు" అని రాస్తే చదివినవాళ్లకు కంటికి కనిపించేదే మళ్లీ చెప్పినట్టు. ఇలా చూడండి: "ఈ కుర్చీ వీపు, వెనక కాళ్లు ఒకే కర్ర. ఆవిరి పట్టి వంచారు కాబట్టి అతుకు అవసరం రాలేదు. అతుకు లేదు కాబట్టి నేర్పరి వడ్రంగి లేకుండానే ఫ్యాక్టరీలో తయారైంది. ఒక్కసారి వంగి సీటు కింద చూడండి, స్క్రూలు కనిపిస్తాయి." చూపు ఎటు తిప్పాలో చెప్పే లేబుల్‌ను జనం చివరిదాకా చదువుతారు.

ముట్టుకోవాలన్న ఆశను బోర్డులతో ఆపలేం. కుర్చీని 15 నుంచి 20 సెంటీమీటర్ల పీఠం మీద, అంచు నుంచి కనీసం అర మీటరు లోపలికి పెట్టండి. పక్కనే ముట్టుకోవడానికి వేరే ముక్కలు ఇవ్వండి: వంచిన కర్ర, ఫోమ్ ముక్క, టెలిఫోన్ డయల్. ఒక్కోదానికి మూడు నాలుగు అదనపు ప్రతులు దగ్గరుంచుకోండి, చేతులు మారేవి వారాల్లో అరిగిపోతాయి. గోడ నుంచి 10 సెంటీమీటర్ల కంటే ముందుకు పొడుచుకొచ్చే షెల్ఫు అడుగు నేల నుంచి 68 సెంటీమీటర్ల లోపే ఉండాలి, అంతకు మించితే చేతికర్ర దాని కింద నుంచి వెళ్లిపోయి చూపులేనివాళ్లకు షెల్ఫు తగులుతుంది. బల్ల షోకేసు పై అంచు 90 సెంటీమీటర్లు దాటితే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు లోపల ఏముందో కనిపించదు.

యాప్ సంగతి. 2010లో మోమా ఈమెయిల్ చిరునామాలోని యట్ (@) గుర్తును తన సేకరణలో చేర్చుకుంది, కాబట్టి చేతితో పట్టుకోలేనిది మ్యూజియంలో ఉండొచ్చా అన్న చర్చ మీకు అక్కర్లేదు. మీ చిక్కు రోజువారీది. యాప్‌ను అప్‌డేట్ కాకుండా ఆపిన ఫోనులో, నెట్ లేకపోయినా నడిచే రూపంలో పెట్టండి. ఆ ఫోను ఆగిపోతే చూపడానికి వాడకాన్ని రికార్డు చేసిన రెండు నిమిషాల వీడియో సిద్ధంగా ఉంచండి. కరెంటు పోయి వస్తే తెరలన్నీ వాటంతటవే మొదలవ్వాలి. ప్లేయర్‌ను మూసిన చెక్కపెట్టెలో పెడితే వేడెక్కి రెండో వారంలో ఆగిపోతుంది, వెనక గాలి రంధ్రాలు ఉండాలి.

అమరిక వారాల్లో వరుస తప్పకూడదు: గోడలు, రంగు, ఆరడం, దుమ్ము తుడవడం, షోకేసులు, వస్తువులు, లేబుళ్లు, దీపాల గురి, చివర లక్స్ మీటరుతో ప్రతి కాగితం మీదా కొలత. రంపం పని జరుగుతుండగా ఏ క్రేటూ తెరుచుకోకూడదు. వస్తువుల జాబితాను ప్రారంభానికి ఎనిమిది నెలల ముందు మూసేయండి. ఆ తర్వాత తీసివేతలే, కలపడం లేదు. బడ్జెట్‌లో పది శాతం పేరు పెట్టకుండా పక్కన ఉంచండి, రవాణా దాన్ని తినేస్తుంది.

మీ డైరెక్టర్ గారి దగ్గరకు మాటలతో వెళ్లకండి. 300 చదరపు మీటర్లలో దారులు, గోడలు, మలుపులకు సగం పోతుంది. చక్రాల కుర్చీ తిరగడానికే మీటరున్నర వ్యాసం కావాలి. మిగిలింది 150. చేయి అందని దూరంతో కలిపి ఒక్కో కుర్చీకి ఒకటిన్నర మీటర్ల చదరం, అంటే 2.25 చదరపు మీటర్లు. 40 కుర్చీలకు 90. మిగతా 120 వస్తువులకు 60 చదరపు మీటర్లు మిగులుతుంది, పోస్టర్లు గోడలెక్కినా అది చాలదు. ఈ లెక్కను కాగితం మీద చూపించే బదులు గ్యాలరీ ఖాళీగా ఉన్న రోజు చూసి, ఒక మూలన 30 చదరపు మీటర్లలో మాస్కింగ్ టేపుతో పీఠాలు గీయండి. అట్టపెట్టెలు వాటి ఎత్తుకు నిలబెట్టి, మీరు అనుకున్న లేబుళ్లను మామూలు కాగితం మీద అచ్చుతీసి అతికించండి. చక్రాల కుర్చీ ఒకటి, పిల్లల తోపుడు బండి ఒకటి తెప్పించి, డైరెక్టర్ గారితో పాటు ఐదారుగురిని ఒకేసారి నడవమనండి. జాబితాను "ఎందుకు" గడి కనిపించేలా అచ్చుతీసి ఆయన చేతికివ్వండి, ఒక పెన్ను కూడా.